లెక్కల మేడం జవాబులు: గంటలా ఉన్నదల్లా గాస్ వక్రం కాదు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే ఒక విచిత్రం కనిపించింది. ఇంటర్ చదివే పిల్ల, రిటైరైన ఇంజనీరు, మనవడి బరువు గురించి దిగులు పడే నాయనమ్మ, రేటింగ్ తగ్గిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అందరూ ఒకే బొమ్మ గురించి అడిగారు. మధ్యలో ఎత్తుగా లేచి, రెండు పక్కలా జారి, నేలను తాకీ తాకనట్టు సాగిపోయే గంట వక్రం. స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో సామాన్య విభాజనం అంటారు, ఆఫీసుల్లో బెల్ కర్వ్ అంటారు, జర్మన్ గణితవేత్త గాస్ పేరుతో గాస్ వక్రం అనీ అంటారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. సూత్రాలను క్లాసులో పైకి చదివినట్టే రాస్తున్నాను. పక్కన తెల్ల కాగితం, పెన్సిలు పెట్టుకొని చదవండి. పెట్టుకోకపోతే సగం అర్థం కాదు, ఆ తప్పు నాది కాదు.

ప్రశ్న: మేడం, "వై = ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ బై టూ" గ్రాఫ్ గీయమన్నారు. క్యాలిక్యులేటర్‌తో పాయింట్లు కట్టి స్కేలుతో కలిపితే త్రిభుజంలా వస్తోంది. పుస్తకంలో మాత్రం నున్నగా గంటలా ఉంది. పాయింట్లు ఎక్కువ వేయకుండా సరిగ్గా గీయడానికి దారి ఉందా?
ఇంటర్ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: తల్లీ, పాయింట్లు వేయడం తప్పు కాదు, వక్రాన్ని ఏమీ అడగకుండా వేయడం తప్పు. కొత్త వక్రం ఏది ఎదురైనా పెన్సిలు ఎత్తే ముందు దాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి.

మొదటిది సౌష్ఠవం. ఎక్స్ బదులు మైనస్ ఎక్స్ పెట్టు. వర్గం కాబట్టి ఏమీ మారదు. అంటే వై అక్షం అద్దం లాంటిది, కుడి సగం గీస్తే ఎడమ సగం ఉచితం. రెండోది, అక్షాలను ఎక్కడ కోస్తుంది? ఎక్స్ = 0 దగ్గర వై = 1. ఎక్స్ అక్షాన్ని ఎక్కడా కోయదు, ఎందుకంటే ఈ (అంటే 2.718 అనే సంఖ్య) పవర్ ఏదైనా సరే సున్నా కాదు. ఎక్స్ పెరిగేకొద్దీ సున్నాకు దగ్గరవుతుంది. కాబట్టి ఎక్స్ అక్షమే దానికి అనంత స్పర్శరేఖ.

ఇక అవకలనం చెయ్యి. మొదటి డెరివేటివ్ మైనస్ ఎక్స్ ఇంటూ వై. వై ఎప్పుడూ ధనాత్మకమే, అందుకని గుర్తును నిర్ణయించేది ఎక్స్ ఒక్కటే. ఎడమ పక్క ఎక్కుతుంది, కుడి పక్క దిగుతుంది, ఎక్స్ = 0 దగ్గర వాలు సున్నా. నీ త్రిభుజానికి జబ్బు ఇక్కడే ఉంది. శిఖరం దగ్గర వాలు సున్నా అయితే అక్కడ మొన ఎలా వస్తుంది? కొంత దూరం దాదాపు చదునుగా ఉండి తీరాలి.

రెండో డెరివేటివ్ కట్టు: (ఎక్స్² − 1) ఇంటూ వై. ఇది ప్లస్ 1, మైనస్ 1 దగ్గర సున్నా అవుతుంది. ఆ రెండింటి మధ్య వక్రం కిందికి వంగి ఉంటుంది, బయటికి వెళ్లగానే పైకి వంగుతుంది. వంపు దిశ మారే ఆ చోటును ఇన్‌ఫ్లెక్షన్ పాయింట్ అంటారు. పరీక్షల్లో ఇంతవరకు రాసి ఆపేస్తారు. నాకు నచ్చేది దీని తర్వాతిది.

ఎక్స్ = 1 దగ్గర ఎత్తు 0.607. అక్కడ వాలు మైనస్ ఎక్స్ ఇంటూ వై, అంటే మైనస్ 0.607. ఎత్తెంతో దిగుడూ అంతే! కాబట్టి అక్కడ గీసిన స్పర్శరేఖ ఒక్క యూనిట్ ముందుకు వెళ్లేసరికి నేలకు చేరుతుంది, సరిగ్గా ఎక్స్ = 2 దగ్గర. ఎడమ పక్క మైనస్ 2 దగ్గర.

ఇప్పుడు గ్రాఫ్ కాగితం తీసుకో. ఎక్స్ అక్షం మీద ఒక యూనిట్‌కు 2 సెంటీమీటర్లు, వై అక్షం మీద 1కి 10 సెంటీమీటర్లు. మధ్యలో ఎత్తు 10, ఒకటి దగ్గర 6.1, రెండు దగ్గర 1.35, మూడు దగ్గర ఒక మిల్లీమీటరు. అంతకు మించి పాయింట్లు అక్కర్లేదు. ఒకటి దగ్గరి చుక్క నుంచి రెండు దగ్గర నేలకు సన్నగా గీత గీసి, దాన్ని పైకి కూడా పొడిగించు. ఒకటికి ఎడమ పక్క వక్రం ఆ గీత కింద ఉండాలి, కుడి పక్క గీత పైన ఉండాలి, ఒకటి దగ్గర మాత్రం గీతను ఆనుకొని దాటాలి. శిఖరం దగ్గర చిన్న అడ్డగీత పెట్టుకో. ఇక చెయ్యి తప్పుదారి పట్టమన్నా పట్టదు.

నిజమైన కొలతలకు వచ్చేసరికి సున్నా ఉన్న చోట సగటు, ఒకటి ఉన్న చోట ప్రామాణిక విచలనం (కొలతలు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) వస్తాయి. ఎవరైనా సామాన్య విభాజనం బొమ్మ చూపించి ప్రామాణిక విచలనం ఎంతో చెప్పకపోతే, వంపు మారే చోటు కనిపెట్టి మధ్య నుంచి దూరం కొలువు. అదే సిగ్మా. ఆ రెండు చోట్ల మధ్య వైశాల్యం మొత్తంలో 68.27 శాతం. "68, 95, 99.7" అని కోచింగ్‌లో బట్టీ పట్టిస్తారే, అందులో మొదటి అంకె ఇదే.

ప్రశ్న: నేను ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యాను. లెవెలింగ్ కొలతల్లో వచ్చే తేడాలకు ఈ వక్రం వాడేవాళ్లం. సూత్రంలో "1 బై రూట్ 2పై" ఎందుకుందో ఎవరూ చెప్పలేదు. కొలతల తేడాల్లో వృత్తం ఎక్కడి నుంచి వచ్చింది?
హనుమకొండ పాఠకులు

జవాబు: ఇంజనీరు గారూ, ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. వృత్తం నిజంగానే ఉంది, దాక్కొని ఉంది.

సంభావ్యతలన్నీ కలిపితే 1 రావాలి, అంటే వక్రం కింద వైశాల్యం 1 కావాలి. పై జవాబులోని వక్రం కింద వైశాల్యం సుమారు 2.507. అది రూట్ 2పై. అందుకని దానితో భాగిస్తాం. ఈ వైశాల్యాన్ని మామూలు సమాకలన పద్ధతిలో కడదామంటే కుదరదు, మనకు తెలిసిన ప్రమేయాల్లో దానికి జవాబు దొరకదు. అందుకని ఒకటి బదులు రెండు వక్రాలు తీసుకుంటారు. ఎక్స్‌లో ఒకటి, వైలో ఒకటి, రెండింటినీ గుణిస్తారు. ఘాతంలో ఎక్స్² + వై² వచ్చి కూర్చుంటుంది. ఇంటర్ పిల్లలు కూడా గుర్తుపడతారు, ఎక్స్² + వై² = ఆర్² అంటే వృత్తమే. అంటే ఆ ఎత్తు కేంద్రం నుంచి దూరం మీదే ఆధారపడుతుంది, దిక్కు మీద కాదు. కళ్లంలో ధాన్యం పోసిన కుప్పలా అన్ని వైపులా ఒకే వాలు.

ఆ కుప్ప ఘనపరిమాణం కట్టాలి. వ్యాసార్థం ఆర్ ఉన్న సన్నని వలయం చుట్టుకొలత 2పై ఆర్, ఎత్తు ఈ పవర్ మైనస్ ఆర్ స్క్వేర్ బై టూ. ముందు ఆర్ వచ్చి చేరడంతో ఇంతకుముందు కుదరని సమాకలనం ఇప్పుడు ఒక్క పంక్తిలో అయిపోతుంది, విలువ 1. మొత్తం ఘనపరిమాణం 2పై. ఇది రెండు ఒకే రకం వైశాల్యాల లబ్ధం కాబట్టి ఒక్కొక్కటీ రూట్ 2పై.

చరిత్ర కూడా చెబుతాను. ఈ వక్రాన్ని మొదట పట్టుకున్నది గాస్ కాదు, అబ్రహాం డిమువావ్ర్. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్లకు నిలువ నీడ లేకుండా పోయాక లండన్ చేరి, ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెప్పుకుంటూ బతికిన మనిషి. అంత పాండిత్యం ఉండీ ఏ విశ్వవిద్యాలయంలోనూ ప్రొఫెసర్ పదవి దొరకలేదు. 1733లో నాణేలు ఎగరేసే లెక్కను, అంటే మన ద్విపద విభాజనాన్ని, పెద్ద సంఖ్యలకు సులువుగా కట్టే దారి వెతుకుతూ ఈ వక్రానికి వచ్చాడు. స్థిరాంకం విలువ ఆయనకు ఒక శ్రేణి రూపంలో దొరికింది. అది రూట్ 2పై అని తేల్చింది ఆయన మిత్రుడు జేమ్స్ స్టిర్లింగ్. నమ్మకం కుదరకపోతే కట్టి చూడండి: నాణెం 100 సార్లు ఎగరేస్తే సగటు 50, ప్రామాణిక విచలనం 5. సరిగ్గా 50 బొమ్మలు పడే సంభావ్యత ఈ సూత్రంతో 1 బై (5 ఇంటూ 2.507), అంటే 0.0798. ద్విపద విభాజనంతో కడితే 0.0796.

గాస్ కొలతల తప్పుల గురించి ఈ వక్రంతో రాసింది 1809లో. 1801 జనవరి 1న పియాజీ కనిపెట్టిన సెరిస్ అనే చిన్న ఖగోళం కొన్ని వారాలకే కనిపించకుండా పోతే, ఉన్న కొద్దిపాటి కొలతలతోనే అది మళ్లీ ఎక్కడ కనిపిస్తుందో లెక్కగట్టి చెప్పి పేరు తెచ్చుకున్నాడు. మీ లెవెలింగ్ పుస్తకాల్లోని కనిష్ఠ వర్గాల పద్ధతి ఆ వంశానిదే. జర్మనీవాళ్లు తర్వాత పది మార్కుల నోటు మీద గాస్ బొమ్మ పక్కన ఈ వక్రాన్నీ అచ్చేశారు. పాపం డిమువావ్ర్‌కు నోటూ లేదు, పేరూ లేదు. గాస్ తక్కువ వాడని కాదు గానీ, ఈ విషయంలో నాకు కాస్త కోపమే.

ప్రశ్న: మేడం గారూ, ఎంసెట్‌లో మార్కుల్ని గంట వక్రంలోకి ఇరికించి తగ్గిస్తారని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
గృహిణి, కరీంనగర్

జవాబు: కాదమ్మా. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఆ పరీక్షలో వాడేది సరళరేఖ. ఇంటర్ మొదటి సంవత్సరంలో మీ అబ్బాయి చదివిన "రెండు బిందువుల గుండా పోయే రేఖ" సమీకరణమే.

పరీక్ష చాలా పూటలు జరుగుతుంది, ఒక పూట పేపరు కష్టం, ఒక పూట సులువు. ప్రతి పూటకీ రెండు అంకెలు కడతారు: సగటు, ప్రామాణిక విచలనం కలిపిన మొత్తం ఒకటి, పైనున్న 0.1 శాతం మంది సగటు రెండోది. అన్ని పూటలూ కలిపి కూడా ఇవే రెండు కడతారు. పూట అంకెలు ఎక్స్, మొత్తం అంకెలు వై. రెండు బిందువులు దొరికాయి, వాటి గుండా రేఖ గీస్తారు. ఉదాహరణకు మాటవరసకు అనుకున్న అంకెలు: మీవాడి పూటలో 60, 130, మొత్తం మీద 67, 130. వాలు 63 బై 70, అంటే 0.9. అతనికి 90 వస్తే 67 ప్లస్ 0.9 ఇంటూ 30, మొత్తం 94. పేపరు కష్టంగా వచ్చినందుకు నాలుగు మార్కులు కలిశాయి. సులువైన పూటలో రాసినవాళ్లకు తగ్గుతాయి, అప్పుడు ఇంట్లో గొడవ మొదలవుతుంది.

జేఈఈ మెయిన్‌లో అదీ లేదు. అక్కడిది పర్సంటైల్. ఆ పూట రాసినవాళ్లలో మీ అబ్బాయితో సమానంగా గానీ తక్కువగా గానీ వచ్చినవాళ్లు నూటికి ఎంతమందో అదే స్కోరు. మార్కుల గ్రాఫ్ గంటలా ఉన్నా, ఒంటె వీపులా ఉన్నా ఆ లెక్కకు పట్టదు.

ప్రశ్న: నేను డిగ్రీ దాకా లెక్కలు చదివాను, ఇప్పుడు షేర్లు చూస్తుంటాను. వై = 1/(1 + ఎక్స్²) గీస్తే అది కూడా గంటలాగే ఉంది. మరి సామాన్య విభాజనానికీ దీనికీ తేడా ఏమిటి? రెండూ ఒకటే అనుకుంటే నష్టం ఏమిటి?
రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: నష్టం డబ్బులే. మీరు షేర్లు చూస్తానన్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

మీరు గీసిన వక్రానికి మిలాన్ నగరపు గణితవేత్త మరియా అన్యేజీ పేరు నిలిచింది. 1748లో అచ్చయిన ఆమె కలనగణిత గ్రంథంలో ఇది ఉంది. బిందుపథం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు. మూలబిందువు నుంచి (0, 1) వరకు వ్యాసంగా ఒక వృత్తం గీయండి. పైన వై = 1 రేఖ గీయండి. మూలబిందువు నుంచి ఏటవాలుగా ఒక రేఖ వేస్తే అది వృత్తాన్ని ఒక చోట, పై రేఖను ఒక చోట తాకుతుంది. పైదాని నుంచి ఎక్స్ తీసుకోండి, వృత్తం మీదిదాని నుంచి వై తీసుకోండి. ఆ బిందువు నడిచే దారే మీ వక్రం.

అడగాల్సిన ప్రశ్నలు అవే. సౌష్ఠవం ఉంది, శిఖరం 1, ఎక్స్ అక్షం అనంత స్పర్శరేఖ. ఇంతవరకు రెండూ కవలలే. వంపు మారే చోటు మాత్రం 1 బై రూట్ 3, అంటే 0.577. కింద వైశాల్యం పై, అంటే 3.14. అసలు తేడా తోకల్లో ఉంది. ఎక్స్ = 3 దగ్గర మీ వక్రం ఎత్తు 0.1, గాస్ వక్రం 0.011. ఎక్స్ = 5 దగ్గర మీది 0.038, గాస్‌ది దానికి దాదాపు పదివేల రెట్లు తక్కువ. పెన్సిలు గీతలో ఈ తేడా కనపడదు, రెండూ నేలను అంటుకున్నట్టే ఉంటాయి. సమీకరణాన్ని అడిగితేనే బయటపడుతుంది.

మీ వక్రాన్ని పైతో భాగిస్తే కోషీ విభాజనం వస్తుంది. దానికి సగటు అనేదే లేదు. సగటు కోసం సమాకలనం వేస్తే లాగరిథం వచ్చి అనంతానికి పోతుంది. వంద కొలతలు తీసుకొని సగటు కట్టినా ఒక్క కొలత కంటే ఏమీ మెరుగుపడదు. ఇంటర్‌లో చదివిన పాయిజాన్ ఈ గుణాన్ని 1824లోనే గమనించాడు.

షేర్ల సంగతికి వస్తే, 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు, 13 శాతానికి పైగా పడింది. రోజువారీ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం ఉదారంగా రెండు శాతం అనుకున్నా, అది ఆరు సిగ్మాలు దాటిన పతనం. గాస్ వక్రం ప్రకారం ఆరు సిగ్మాల పతనం సుమారు వంద కోట్ల రోజులకు ఒకసారి రావాలి. వంద కోట్ల రోజులంటే 27 లక్షల ఏళ్లు. షేర్ల తోకలు కోషీ అంత లావుగా ఉంటాయని అనడం లేదు. గాస్ అంత సన్నగా మాత్రం లేవు. మీ యాప్‌లో "రిస్క్" పక్కన ఒక్క సిగ్మా అంకె చూపించి ఊరుకుంటే, మధ్యభాగం గురించే చెప్పినట్టు.

ప్రశ్న: మా టీమ్‌లో తొమ్మిది మందిమి. అందరం బాగా పనిచేశామని మేనేజరే ఒప్పుకున్నారు. కానీ బెల్ కర్వ్ ప్రకారం ఒకరికి కింది రేటింగ్ ఇవ్వాలట, అది నాకు వచ్చింది. గణితం నిజంగా అలా చెబుతుందా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: గణితం అలా చెప్పదు, హెచ్.ఆర్. చెబుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న కారణాలు చాలా కలిసినప్పుడు వాటి మొత్తం గంట వక్రానికి దగ్గరవుతుందని 1810లో లాప్లాస్ చూపించాడు. జరిగినదాన్ని వర్ణించే సిద్ధాంతం అది. ఇలా జరగాలి అని ఎవరికీ ఆర్డరు వేయదు.

కంపెనీ మొత్తంలో పది శాతం మంది పనితీరు నిజంగానే తక్కువ అనుకుందాం, వాళ్లు టీముల్లో ఎలా పడితే అలా ఉన్నారనుకుందాం. తొమ్మిది మంది టీమ్‌లో అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోయే సంభావ్యత 0.9 పవర్ 9, అంటే 0.387. వంద టీముల్లో దాదాపు 39 టీముల్లో కింది రేటింగుకు తగినవాళ్లే ఉండరు. ఒక్కో టీముకు ఒకరని కోటా పెడితే ఆ 39 చోట్లా ఎవరో ఒకరు అన్యాయంగా బలి. ఇంకొకటి, ఇంటర్వ్యూల్లో వడపోసి తీసుకున్నవాళ్లు మొత్తం జనాభా గంటలో కుడి తోక మాత్రమే. తోకను కోసి పక్కన పెడితే అది గంటలా ఉండదు, ఒక వైపే జారే బల్లలా ఉంటుంది.

ఈ కోటా పద్ధతికి పేరు తెచ్చిన సంస్థ జనరల్ ఎలక్ట్రిక్. మైక్రోసాఫ్ట్ 2013లో దాన్ని వదిలేసింది. ఈ పేజీని మీ మేనేజరుకు చూపించమని మాత్రం నేను చెప్పను, ఇంటి ఈఎంఐలు మీవి.

ప్రశ్న: మా మనవడికి ఏడాది నిండింది, బరువు 7.9 కిలోలు. అంగన్‌వాడీ కార్డు మీద ఆకుపచ్చ పట్టీ కింది అంచున చుక్క పడింది. మా కోడలు ఒకటే టెన్షన్. ఆ గీతలకు అర్థం ఏమిటి?
నాయనమ్మ, మదనపల్లె

జవాబు: అమ్మా, ఆ కార్డు మీది గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు. మన ఢిల్లీతో సహా ఆరు దేశాల్లో, తల్లిపాలు తాగి ఆరోగ్యంగా పెరిగిన పిల్లల్ని కొలిచి గీసినవి. ఏడాది నిండిన మగపిల్లవాడికి నడిమి గీత 9.6 కిలోలు. ఆకుపచ్చ పట్టీ 7.7 దగ్గర ముగుస్తుంది, అంటే మైనస్ రెండు సిగ్మా. ఏ లోపమూ లేని పిల్లల్లో కూడా సుమారు 44 మందిలో ఒకరు ఆ గీతకు కింద ఉంటారు. అందుకని అది పాస్ మార్కు కాదు, ఒకసారి ఆగి చూడమని పెట్టిన గుర్తు.

గీతల మధ్య దూరాలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నడిమి గీత నుంచి కిందికి 8.6, 7.7, 6.9. పైకి 10.8, 12.0, 13.3. కిందికి ఒక కిలో, ఆపైన ఇంకా తక్కువ. పైకి మాత్రం కిలో రెండొందలు, మూడొందలు. పిల్లల బరువులు అచ్చమైన గంట వక్రంలో ఉండవు, బరువైన వైపు తోక కాస్త పొడుగు. గీతలు గీసినవాళ్లు ఆ వాలును లెక్కలోకి తీసుకున్నారు.

మీరు చూడాల్సింది ఒక్క చుక్కను కాదు, నెలనెలా పడిన చుక్కల్ని కలిపితే వచ్చే గీతను. అది కార్డు మీది గీతలకు సమాంతరంగా ఎక్కుతోందా, లేక చదునవుతోందా? మొదటి నుంచీ ఆ అంచునే నడుస్తూ ఎక్కుతుంటే వాడి దారి అది కావచ్చు. పైనుంచి దిగి అక్కడికి వచ్చినా, రెండు మూడు నెలలుగా చదునుగా ఉన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. కార్డు కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: మేడం, ఇంటర్‌లో దీర్ఘవృత్తం, అతిపరావలయం చదివి వదిలేశాం. ఇప్పుడు బీఎస్సీ స్టాటిస్టిక్స్‌లో రిగ్రెషన్ చెబుతున్నారు. ఆ పాఠాలు ఇక్కడ ఎక్కడైనా పనికొస్తాయా?
డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, రిగ్రెషన్, అంటే ఒక కొలత తెలిస్తే రెండోదాని సగటును అంచనా వేసే పద్ధతి, పుట్టిందే దీర్ఘవృత్తంలోంచి. 1880ల్లో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులు, పెరిగి పెద్దవాళ్లయిన వాళ్ల 928 మంది పిల్లల ఎత్తులు ఒక పట్టికలో వేశాడు. ఏ గడిలో ఎంతమందో రాసి, కాస్త నున్నగా సర్ది, ఒకే సంఖ్య ఉన్న గడుల్ని గీతతో కలిపితే ఒకే కేంద్రం చుట్టూ దీర్ఘవృత్తాలు వచ్చాయి. ఆయనకు అంత గణితం రాదు. కేంబ్రిడ్జిలో హామిల్టన్ డిక్సన్ అనే గణితవేత్తకు సమస్యను అప్పగిస్తే ఆయన సమీకరణాలతో రుజువు చేసిచ్చాడు. ఫలితాలు 1886లో అచ్చయ్యాయి.

మొదటి జవాబులోని వక్రాన్ని రెండు చలరాశులకు పెంచు. వాటి మధ్య సహసంబంధం, అంటే ఒకటి మారితే రెండోది ఎంత గట్టిగా దానితో పాటు మారుతుందో చెప్పే అంకె, రో అనుకో. రెండింటినీ సగటు సున్నా, సిగ్మా ఒకటి అయ్యేలా మార్చుకుంటే, ఒకే ఎత్తులో ఉన్న బిందువుల సమీకరణం: ఎక్స్² − 2రో ఎక్స్ వై + వై² = స్థిరాంకం. జంట సరళరేఖల పాఠంలో "హెచ్ స్క్వేర్ మైనస్ ఏబీ" చూసేవాళ్లం గుర్తుందా? ఇక్కడ అది రో² − 1. రో ఒకటి కంటే తక్కువైనంత కాలం రుణాత్మకం, కాబట్టి దీర్ఘవృత్తం. రో సున్నా అయితే వృత్తం, పైన ఇంజనీరు గారికి చెప్పిన కుప్ప అదే. రో సరిగ్గా 1 అయితే ఎడమ పక్క (ఎక్స్ − వై)² అయిపోయి మొత్తం ఒక గీతగా నలిగిపోతుంది.

ఇక రిగ్రెషన్ రేఖ ఎక్కడుంది? చాలామంది దీర్ఘవృత్తపు దీర్ఘాక్షమే అనుకుంటారు. కాదు. ఒక ఎక్స్ దగ్గర నిలువు గీత వేస్తే, దీర్ఘవృత్తం లోపల పడిన ముక్కకు మధ్యబిందువే ఆ ఎక్స్‌కు తగిన సగటు వై. గీతను కుడికి జరుపుతూ పోతే ముక్క కుంచించుకుపోయి, చివరికి దీర్ఘవృత్తానికి నిలువు స్పర్శరేఖ అవుతుంది. కాబట్టి రిగ్రెషన్ రేఖ నిలువు స్పర్శరేఖ తాకే బిందువు గుండా పోవాలి. సమీకరణాన్ని వై దృష్ట్యా పాక్షిక అవకలనం చేసి సున్నాకు సమానం చెయ్యి: వై = రో ఎక్స్. దీర్ఘాక్షం మాత్రం వై = ఎక్స్. రెండూ వేరు రేఖలు, రిగ్రెషన్ రేఖ చదునుగా ఉంటుంది. అడ్డ స్పర్శరేఖలతో ఇదే చేస్తే రెండో రిగ్రెషన్ రేఖ వస్తుంది. రికార్డులో రెండు రేఖలు ఎందుకు గీయిస్తారో ఇప్పుడు తెలిసిందిగా. తండ్రీ కొడుకుల ఎత్తుల్లో రో సుమారు 0.5 అని కార్ల్ పియర్సన్ 1903లో తేల్చాడు. తండ్రి సగటు కంటే రెండు సిగ్మాలు పొడవైతే, అలాంటి తండ్రుల కొడుకులు సగటున ఒక్క సిగ్మాయే పొడవు.

దూరం కూడా ఇక్కడ మామూలు స్కేలుతో కొలిచే దూరం కాదు. ఎక్స్ ఎత్తు, వై బరువు అనుకో. (1, 1) అంటే ఎత్తూ బరువూ రెండూ ఎక్కువ, (1, −1) అంటే పొడుగ్గా ఉండి బక్కగా ఉన్న మనిషి. స్కేలుతో కొలిస్తే రెండూ కేంద్రం నుంచి రూట్ 2 దూరమే. కానీ రెండోవాళ్లు అరుదు. దీర్ఘవృత్తాన్ని వృత్తంగా మార్చేలా కొలిచే దూరాన్ని మన దేశపు గణాంకవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చాడు: పై సమీకరణం ఎడమ పక్కను (1 − రో²)తో భాగించి వర్గమూలం. రో = 0.5 అయితే మొదటిది 1.15, రెండోది 2.

మహలనోబిస్ శిష్యుడు సి.ఆర్.రావు మనవాడే. నూజివీడు, నందిగామల్లో బడి చదువు, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పిలిపించింది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల్ని ఈ దూరంతోనే పోల్చి చూడటానికి. మ్యూజియంలో ఆ పని చేస్తూనే రొనాల్డ్ ఫిషర్ దగ్గర డాక్టరేట్ పూర్తి చేశాడు.

నువ్వు ఈ వారం ఒక పని చెయ్యి. రో 0.5 బదులు 0.9 వేసి అవే రెండు బిందువులకు దూరం కట్టు. మొదటిది ఒకటికి కాస్త పైన ఆగిపోతుంది, రెండోది నాలుగున్నర దాకా పోతుంది. రెండు దీర్ఘవృత్తాలూ పక్కపక్కన గీస్తే అలా ఎందుకైందో నీకే కనిపిస్తుంది.